నల్లమల రైలుకట్ట పాత ఫోటోలు: ఏది ఎక్కడిదో మనమే తేల్చుకోవచ్చు

నాట్లు అయిపోయి కాస్త తీరిక దొరికింది కాబట్టి ఈసారి పురుగుమందుల గురించి కాకుండా పాత సంగతి ఒకటి రాస్తున్నాను. పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు వాట్సాప్ గ్రూపుల్లో పాత రైలు ఫోటోలు తెగ తిరుగుతున్నాయి. కొండల మధ్య ఎత్తైన వంతెన, దాని మీద పొగబండి, కింద చెట్లు. ఒకే ఫోటో కింద ఒకాయన అరకు అని రాస్తాడు, ఇంకొకాయన ఊటీ అంటాడు, మూడో ఆయన మన నంద్యాల రైలుమార్గం అంటాడు. ఎవరి మాట నిజమో ఎవరూ అడగరు. వందమందికి పోయేసరికి అదే చరిత్ర అయిపోతుంది. రేపు మన పిల్లలు బళ్ళో అదే రాస్తారు.

పొలం సరిహద్దు దగ్గర తేడా వస్తే మనం ఊరుకుంటామా? సర్వే రాయి ఎక్కడుంది, ఎఫ్ఎంబీలో కొలత ఎంతుంది, పక్క గట్టు ఎటు పోతుంది అని నిగ్గు తేలుస్తాం. ఫోటోని కూడా అట్లాగే కొలవొచ్చు. దానికి పెద్ద చదువులు అక్కర్లేదు. మనకు తెలిసిన ఎండ, చెట్టు, రాయి, కట్ట చాలు. ఎట్లాగో నల్లమల రైలుమార్గాన్ని పట్టుకొని చెప్తాను.

మాగాణి రైతుకి ఆ కొండ రైలుతో ఏం పని?

చాలా ఉంది. కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట 1852లో మొదలై 1855కి పూర్తయింది. కాటన్ దొర ఆలోచన, కెప్టెన్ ఓర్ అనే ఇంజనీరు చేతిమీదుగా పని. ఆ తర్వాత మన డెల్టాలో వరి పండింది. కాలవల్లో పడవలు కూడా తిరిగేవి. దుగ్గిరాల, నిడుబ్రోలు, బాపట్ల వైపు పోయే కొమ్మమూరు కాలవ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవలో కలుస్తుంది. అక్కణ్ణుంచి మద్రాసు దాకా నీటి దారే. అంటే రైలు రాకముందే మన ధాన్యానికి దక్షిణం వైపు దారి ఉంది. పడమర వైపు లేదు. మధ్యలో నల్లమల అడ్డం.

1876లో వానలు ఎగ్గొట్టాయి. మన పెద్దలు ధాత కరువు అనేవారు, ధాత నామ సంవత్సరం కాబట్టి. 1878 దాకా అది వదల్లేదు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఎండిపోయాయి. మద్రాసు, మైసూరు, హైదరాబాదు, బొంబాయి ప్రాంతాలన్నీ కలిపి 50 లక్షలకు పైగా జనం పోయారని చరిత్రకారుల అంచనా. అప్పట్లో కరువు పనుల్లో మగమనిషికి ఇచ్చిన కూలి ఎంతో తెలుసా? సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి 1877 మొదట్లో పెట్టిన లెక్క ప్రకారం రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. పౌను అంటే 450 గ్రాములు. మట్టి మోసే మనిషికి అది ఏ మూలకు సరిపోతుందో మీకు చెప్పక్కర్లేదు.

డెల్టాలో గింజ ఉండి, దాన్ని బళ్ళారి దాకా చేర్చే దారి లేకపోతే ఆ గింజ ఉన్నా లేనట్టే. ఎద్దుబండి మీద కొండ దాటించాలంటే ఎడ్లకే మేతా నీళ్ళూ లేవు. కరువంటే పంట లేకపోవడం ఒక్కటే కాదు, పంట ఉన్న చోటునుంచి లేని చోటుకి దారి లేకపోవడం కూడా. 1880లో కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది. కరువు ప్రాంతాలకు రైలు వేయాలని అందులో గట్టిగా చెప్పారు. ఆ ఆలోచన నుంచి వచ్చిందే బళ్ళారి–కృష్ణా స్టేట్ రైల్వే. బళ్ళారి, గుంతకల్లు, నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం, దొనకొండ, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు మీదుగా కృష్ణ ఒడ్డుకి వచ్చే మీటర్‌గేజ్ దారి. దాన్ని నడిపింది సదరన్ మరాఠా రైల్వే కంపెనీ. 1880ల్లో పని జరిగి, 1890 ప్రాంతానికి బళ్ళు తిరిగాయి.

ఇంకో మాట గమనించండి. మన బాపట్ల, తెనాలి మీదుగా పోయే మద్రాసు–బెజవాడ పెద్ద లైను కలిసింది 1899లో. తెనాలి–రేపల్లె లైను వచ్చింది 1916లో. అంటే మన ఊళ్ళకంటే ముందే నల్లమల కొండకి రైలు వచ్చింది. కొండ మీద ముచ్చట పడి వేసిన దారి కాదు అది. ఆకలి వేయించిన దారి. ఊటీ, సిమ్లా రైళ్ళు దొరలు వేసవికి చల్లగా ఉండటానికి పోయే చోట్లకి వేసినవి. నల్లమల దారి అట్లాంటిది కాదు. అందుకే దాని ఫోటోని ఊటీ ఫోటో అని రాస్తే నాకు మనసు ఒప్పదు. ఫోటో మారితే చోటు ఒక్కటే కాదు, ఎందుకు కట్టారన్న కారణం కూడా మారిపోతుంది.

మొదటి జల్లెడ: సంవత్సరం

ఏ ఫోటో వచ్చినా ముందు తేదీతో జల్లెడ పట్టండి. సగం అబద్ధాలు అక్కడే రాలిపోతాయి.

ఎముకల గూళ్ళలాంటి మనుషుల ఫోటో ఒకటి పెట్టి "డొక్కల కరువు, గుంటూరు" అని రాస్తుంటారు. డొక్కల కరువు వచ్చింది 1832–33లో. ప్రపంచానికి ఫోటో తీసే విద్య బయటపెట్టింది 1839లో. కాబట్టి డొక్కల కరువుకి ఫోటో ఉండే వీలే లేదు. మనం చూసే ఆ కరువు ఫోటోల్లో చాలావరకు ధాత కరువు నాటివి. మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న విలోబీ వాలెస్ హూపర్ తీసినవి. వాటి సంగతి మళ్ళీ కింద చెప్తాను.

అట్లాగే అరకు. అరకు సొరంగాల ఫోటో పెట్టి "బ్రిటీషు వాళ్ళు 1890లో కట్టిన రైలు" అని రాస్తారు. కొత్తవలస–కిరండూల్ లైను స్వాతంత్ర్యం తర్వాత 1960ల్లో వేసింది. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి వేసిన దారి. మొదట్నుంచీ బ్రాడ్‌గేజే. కాబట్టి కొండ మీద చిన్న పట్టాలతో దొరల కాలం నాటి బండి కనిపిస్తే అది అరకు కాదు. సందేహమే లేదు.

మన దగ్గర కూడా ఇదే లెక్క. రేపల్లె స్టేషన్ అని చెప్పి 1900 తేదీ వేస్తే నమ్మకండి, లైనే 1916లో వచ్చింది. బెజవాడ ఫోటోలో నది మీద వరస తలుపులు, పైన రోడ్డు కనిపిస్తే అది 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి. నీళ్ళకి అడ్డంగా తక్కువ ఎత్తులో రాతి కట్ట మాత్రమే కనిపిస్తే పాత ఆనకట్ట. అంతే తేడా.

రెండో జల్లెడ: ఫోటో కింద రాసిన జిల్లా పేరు

పాత ఫోటోల కింద దొరలు ఊరు, జిల్లా రాసేవాళ్ళు. జిల్లాలు మారుతూ వచ్చాయి కాబట్టి ఇది కాలం చెప్పే గుర్తు. బాపట్ల పక్కన "కృష్ణా జిల్లా" అని ఉంటే తప్పు రాశాడని కొట్టెయ్యకండి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడక ముందు తెనాలి, బాపట్ల, రేపల్లె అన్నీ కృష్ణా జిల్లాలోవే. ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు 1970లో కొత్త జిల్లా వచ్చేదాకా కర్నూలు జిల్లా. కాబట్టి "కంభం, కర్నూలు జిల్లా" అని రాసి ఉంటే అది 1970కి ముందు రాసిన రాత. ఇప్పుడు కూర్చొని దొంగ పేరు పెట్టేవాడికి ఈ సంగతి సాధారణంగా తెలియదు.

బండి మీద, పెట్టె మీద ఉన్న అక్షరాలు కూడా చూడండి. సదరన్ మరాఠా కంపెనీ 1908లో మద్రాసు రైల్వేతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా అయింది. మన పెద్దలు ఎం.ఎస్.ఎం. అనేవాళ్ళు. 1944లో దాన్ని ప్రభుత్వం తీసుకుంది. 1951లో సదరన్ రైల్వే వచ్చింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. పెట్టె మీద ఉన్న అక్షరాలు చదవగలిగితే ఏ కాలం నాటిదో తెలిసిపోతుంది. స్టేషన్ బోర్డు మీద హిందీ అక్షరాలుంటే దాదాపుగా స్వాతంత్ర్యం తర్వాతదే. ఆ బోర్డుల మీదే సముద్రమట్టానికి ఎంత ఎత్తో కూడా రాస్తారు. కొండ లైనులో ఏ స్టేషనో తేల్చడానికి ఆ అంకె ఒక్కటే చాలు.

మూడో జల్లెడ: పట్టాల మధ్య దూరం

బ్రాడ్‌గేజ్ అంటే 5 అడుగుల 6 అంగుళాలు, మీటర్‌గేజ్ అంటే 3 అడుగుల 3 అంగుళాల పైచిలుకు. డార్జిలింగ్ రైలు 2 అడుగులు. సిమ్లాది 2 అడుగుల 6 అంగుళాలు. ఫోటోలో టేపు పెట్టి కొలవలేం కదా అంటారు. పట్టాల దగ్గర మనిషి నిలబడి ఉంటే చాలు. మనిషి నడుము ఎత్తుకి అటూఇటూగా ఉంటే మీటర్‌గేజ్. మనిషి అడ్డంగా పడుకుంటే ఇంచుమించు సరిపోయేంత వెడల్పు ఉంటే బ్రాడ్‌గేజ్. మోకాలు దాటిన ఎత్తంత వెడల్పే ఉంటే డార్జిలింగ్ లాంటి చిన్న బండి.

మనిషి లేకపోతే ఇంజను ముక్కు చూడండి. మన దేశంలో బ్రాడ్‌గేజ్ బళ్ళకి ముందు రెండు వైపులా రెండు గుండ్రటి బఫర్లు ఉంటాయి. పాత మీటర్‌గేజ్ బండికి మధ్యలో ఒక్కటే ఉంటుంది. తెనాలి నుంచి గుంటూరు పోయి, అక్కడ బండి మారి నంద్యాల, మహానంది వైపు పోయిన పెద్దవాళ్ళని అడగండి. రెండు బళ్ళ తేడా వాళ్ళు కళ్ళకు కట్టినట్టు చెప్తారు. గుంటూరు–గుంతకల్లు దారి బ్రాడ్‌గేజ్ అయ్యింది 1990ల్లోనే కాబట్టి, నలభై ఐదు యాభై దాటిన వాళ్ళలో ఆ మీటర్‌గేజ్ బండి ఎక్కినవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఈ జల్లెడతో బొంబాయి దగ్గరి ఖండాలా ఘాట్ పోతుంది, అది 1863 నాటి బ్రాడ్‌గేజ్. డార్జిలింగ్, సిమ్లా పోతాయి. ఇక మిగిలేవి మూడు. ఊటీ, గోవా వైపు దూద్‌సాగర్ దారి, మన నల్లమల. మూడూ మీటర్‌గేజ్‌గా వేసినవే. అసలు తగువంతా ఈ మూడింటి మధ్యనే.

ఊటీ, దూద్‌సాగర్, నల్లమల: తేడా పట్టడం

ఊటీని పట్టుకోవడం తేలిక. మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో దారి వచ్చింది. మెట్టుపాళయం–కూనూరు ఎక్కుడులో రెండు పట్టాల మధ్య పళ్ళున్న ఇనుప బద్దె ఉంటుంది. ఇంజను కింద పళ్ళచక్రం దాన్ని పట్టుకొని ఎక్కుతుంది. పైగా ఇంజను ముందు ఉండదు, పల్లం వైపు ఉండి పెట్టెల్ని పైకి నెడుతుంది. నల్లమలలో పళ్ళబద్దె లేదు. కాబట్టి పట్టాల నడుమ మూడో బద్దె కనిపిస్తే తగువు తెగినట్టే. చుట్టూ తేయాకు తోటలు కనిపించినా ఊటీయే.

దూద్‌సాగర్ కొంచెం చిక్కు. అది కూడా 1880ల్లోనే వేసిన దారి. పళ్ళబద్దె లేదు. జలపాతం కనిపిస్తే తేలిపోతుంది, కనిపించకపోతే చెట్లని చూడాలి. పడమటి కనుమల్లో అడవి ఏడాది పొడుగునా పచ్చగా, దట్టంగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటుంది. నల్లమల ఆకు రాల్చే అడవి. టేకు, నల్లమద్ది, ఏగిస, వెదురు పొదలు. మాఘం దాటాక ఆకు రాల్చి మోడులవుతాయి, కొండ గుండు కనపడుతుంది. ఫోటోలో చెట్లు ఎండిపోయి, మధ్యలో వెదురు గుబుర్లు, వెనక కొండ చదునుగా బారుగా ఉంటే మన వైపు మొగ్గు చూపొచ్చు. చేలో నిలబడి చెట్టుని చూసి నెల చెప్పగలిగిన మనకి ఇది కష్టం కాదు.

ఇక రాయి. నల్లమల రాయి పొరలు పొరలుగా ఉంటుంది. రైలు కోసం కొండని చీల్చిన చోట గోడలో ఆ పొరలు పుస్తకం పేజీల్లా కనిపిస్తాయి. మార్కాపురం పలకల పేరు వినని వాళ్ళు లేరు. మన తరం అక్షరాలు దిద్దిన రాతిపలక ఆ రాయే, ఈ రైలుదారి పక్కదే. ఊటీ కొండల రాయి అట్లా కాదు, ముద్దగా గుండ్లుగా ఉంటుంది. చీల్చిన గోడ దగ్గరగా కనిపించే ఫోటో అయితే రాయే సాక్ష్యం.

ఎండ దిక్కు చెప్తుంది

నల్లమల కొండలు ఉత్తర దక్షిణాలుగా బారుగా ఉంటాయి. రైలు వాటిని తూర్పు పడమరలుగా దాటుతుంది. తూర్పున మన వైపు దిగువమెట్ట, పడమర నంద్యాల వైపు గాజులపల్లె. ఈ రెంటి మధ్యే అసలు ఘాట్. కాబట్టి ఈ దారిలో కట్ట మొత్తం మీద తూర్పు పడమరలుగా సాగుతుంది, మలుపుల్లో తప్ప.

ఇప్పుడు ఫోటోలో నీడ చూడండి. మన ప్రాంతంలో కార్తీకం నుంచి మాఘం దాకా మధ్యాహ్నం నీడ ఉత్తరానికే పడుతుంది. సూర్యుడు దక్షిణాన ఉంటాడు కాబట్టి. మే మొదట్లో, మళ్ళీ ఆగస్టు మొదటి సగంలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు, ఆ మధ్య రోజుల్లో కొంచెం ఉత్తరానికి కూడా జరుగుతాడు. చెట్లు మోడులుగా ఉన్నాయంటే ఎండాకాలం మొదలు. అంటే మధ్యాహ్నం నీడ పడినవైపు ఉత్తరం. ఉత్తరం దొరికితే వంతెన ఎటు పోతోందో, ఫోటో తీసినవాడు ఏ గట్టున నిలబడ్డాడో దొరికినట్టే.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాత రోజుల్లో గాజుపలక మీద తీసి కాగితం మీద దించేవాళ్ళు. గాజుపలక తిరగబడితే ఫోటో అద్దంలో బొమ్మలా కుడి ఎడమలు మారిపోతుంది. కుడికి తిరగాల్సిన మలుపు ఎడమకి తిరుగుతుంది. అందుకే ముందు అక్షరాలు తిన్నగా ఉన్నాయో లేదో చూడాలి. అక్షరాలు లేకపోతే ఆడవాళ్ళ పైట ఏ భుజం మీద ఉందో చూడండి. గుంపులో ఒక్కరిది తేడా ఉంటే ఉండొచ్చు, అందరిదీ తిరగబడి ఉంటే ఫోటోయే తిరగబడింది.

చోటు కచ్చితంగా పట్టడం

నల్లమల అని తేలాక, అందులో ఎక్కడ అన్న ప్రశ్న వస్తుంది. దీనికి నిజాంపట్నం, సూర్యలంక వైపు సముద్రం మీదకి పోయే వాళ్ళ పద్ధతి వాడాలి. ఒడ్డున దగ్గరగా ఒక గుర్తు, దాని వెనక దూరంగా ఇంకో గుర్తు పెట్టుకుంటారు. రెండూ ఒకే వరసలోకి వస్తే పడవ ఫలానా గీత మీద ఉన్నట్టు. ఇంకో వైపు ఇంకో జంట గుర్తులు దొరికితే రెండు గీతలు కలిసే చోటే పడవ ఉన్న చోటు. మనం గట్టు వేసేటప్పుడు కర్రలు పాతి కంటితో వరస చూసుకోవడం కూడా ఇదే.

ఫోటోలో వంతెన స్తంభం ఒకటి, దాని వెనక కొండ శిఖరం ఒకటి. స్తంభానికి కుడివైపు శిఖరం ఎంత బయటికి కనిపిస్తోంది? ఇంకో చివర ఏ స్తంభం వెనక ఏ లోయ ఉంది? ఈ రెండు వరసలూ ఫోనులో ఉపగ్రహం మ్యాపు మీద గీసి చూడండి. గీతలు కలిసే చోట ఫోటో తీసినవాడు నిలబడ్డాడు. చెట్లు పెరుగుతాయి, ఇళ్ళు పడిపోతాయి, వాగు దారి మారుతుంది. కొండ తల నూటయాభై ఏళ్ళలో మారదు. కొండనే నమ్మండి.

ఈ పద్ధతికి బాగా లొంగే చోటు దొరబావి వంతెన. చలమ, బొగద మధ్య లోయ మీద 1880ల్లో కట్టినది. నిటారుగా లేచిన ఎత్తైన స్తంభాలు, వాటి మీద ఇనుప గడ్డర్లు, పైన సన్నటి మీటర్‌గేజ్ పట్టా. దాని మీద బండి పోతుంటే కిటికీలోంచి కిందకి చూడటానికి భయపడ్డామని చెప్పేవాళ్ళు మనలో ఉన్నారు. 1990ల్లో గేజ్ మార్చినప్పుడు ఆ పాత వంతెనని వదిలేసి, దారి మళ్ళించి, బొగద దగ్గర కిలోమీటరుకు పైగా పొడవున్న సొరంగం తవ్వి కొత్త పట్టాలు వేశారు. అప్పటినుంచి ఆ వంతెన మీద బండి లేదు.

కాబట్టి నల్లమలలో ఫోటోలు రెండు రకాలు. పట్టాలతో, బండితో ఆ ఎత్తైన వంతెన కనిపిస్తే 1990లకి ముందుది. అడవి మధ్యలో వంతెన వట్టిగా, బండి లేకుండా మిగిలి ఉంటే తర్వాతది. ఇప్పుడు గుంటూరు–నంద్యాల రైలెక్కి కిటికీలోంచి తీసిన ఫోటో పెట్టి "దొరబావి మీద ప్రయాణం" అని రాస్తే అది కుదరదు. బండి ఇప్పుడు ఆ వంతెన మీదుగా పోవడం లేదు.

పాత కట్ట జాడ ఉపగ్రహం బొమ్మలో అడవి మధ్య సన్నటి వంకర గీతలా వెతుక్కోవచ్చు. పూడిపోయిన పంటబోది జాడ చేలో పైరు రంగుని బట్టి తెలుస్తుందే, అట్లా. కానీ చూడ్డానికి నేరుగా అడవిలోకి దిగకండి. అది అభయారణ్యం, పులులు తిరిగే చోటు. అటవీ శాఖ అనుమతి లేకుండా పోవడం నేరం, ప్రాణానికీ మంచిది కాదు.

ఫోటోలో మనుషులు

ఇప్పటిదాకా రాయి, చెట్టు, పట్టా గురించి చెప్పాను. అసలు చూడాల్సింది మనుషుల్ని.

రైలు కట్టేటప్పుడు తీసిన ఫోటోల్లో ఒక పద్ధతి ఉంటుంది. ముందు టోపీ పెట్టుకున్న దొర. ఆయన పేరు కింద రాసి ఉంటుంది. వెనక వందమంది. వాళ్ళకి ఒకే పేరు, కూలీలు. గడ్డపార పట్టిన మగవాళ్ళు, తట్ట నెత్తిన పెట్టిన ఆడవాళ్ళు, పక్కన పిల్లలు. మన దేశంలో రైలుకట్టలు, చెరువుకట్టలు, కాలవలు ఎక్కువగా ఎవరి రెక్కల మీద లేచాయంటే వడ్డెర కుటుంబాల మీద. దొరల రాతల్లో వాళ్ళ పేరు పదేపదే వస్తుంది. మగవాడు తవ్వితే ఆడమనిషి మోసేది, కుటుంబం మొత్తం పని దగ్గరే గుడిసె వేసుకునేది. కంభం చెరువు గుండ్లకమ్మ మీద విజయనగర రాజుల నాటిది. కంభం మీదుగా పోయే ఈ రైలుకట్టని ఎత్తింది కూడా ఆ రకం చేతులే. నల్లమల అంటే చెంచులు. వాళ్ళ అడవి మధ్య నుంచే ఈ దారి పోయింది. పాత ఫోటోల్లో వాళ్ళని వింత జంతువుల్లా వరసగా నిలబెట్టి తీసినవి ఉన్నాయి. వాటి కింద కూడా పేర్లు లేవు.

హూపర్ తీసిన కరువు ఫోటోలు చూడండి. డొక్కలెండిన కుటుంబాన్ని వరసగా కూర్చోబెట్టి, కెమెరా వైపు తిప్పి తీసినవి. అప్పటి కెమెరాకి కదలకుండా ఉండాలి. లేవలేని మనిషిని కూర్చోబెట్టి కదలొద్దని చెప్పి తీశారన్నమాట. అవి చూసే ఇంగ్లాండులో చందాలు పోగయ్యాయని ఒక వాదన, బతికుండగానే వాళ్ళని బొమ్మలు చేశారని ఇంకో వాదన. రెండింట్లోనూ నిజముంది. నేను చెప్పేది ఒక్కటే. ఆ మనుషులు ఎవరో మనకి తెలియదు, ఎప్పటికీ తెలియకపోవచ్చు. కనీసం ఎక్కడివాళ్ళో, ఏ కరువులో పోయారో తప్పు రాయకుండా ఉండటం మన చేతిలో ఉంది. ధాత కరువు మనిషిని తీసుకొచ్చి 1943 బెంగాల్ కరువు అని రాస్తే, బళ్ళారి, కర్నూలు వైపు చచ్చిపోయిన మనిషికి ఆ కాస్త జాడ కూడా లేకుండా చేసినట్టే.

మన డెల్టా వాళ్ళం మూడు పూటలా అన్నం తిన్నాం కాబట్టి కరువు మన చరిత్ర కాదనుకుంటాం. అది నిజం కాదు. ఆనకట్ట రాకముందు డొక్కల కరువులో ఈ గుంటూరు సీమే తుడిచిపెట్టుకుపోయింది. నీళ్ళొచ్చాక మనకి తప్పింది, కొండ అవతల తప్పలేదు. మధ్యలో రైలు వచ్చింది. మన గింజ, వాళ్ళ ఆకలి, ఈ రెంటినీ కలిపిన దారి కాబట్టే నల్లమల రైలుకట్ట చరిత్రలో మనకీ వాటా ఉంది.

మనం చెయ్యగలిగింది

పనికొచ్చే మాటలు నాలుగు చెప్పి ముగిస్తాను.

ఒకటి. ఇంట్లో పాత పెట్టెలు, గోడకి వేలాడే పటాలు ఒకసారి దింపి చూడండి. రైల్వేలో గ్యాంగుమన్‌గా, పాయింట్స్‌మన్‌గా చేసిన వాళ్ళ ఇళ్ళలో ఫోటోలు ఉండొచ్చు. దొనకొండలో మీటర్‌గేజ్ లోకోషెడ్ ఉండేది, దానికో పెద్ద రైల్వే కాలనీ ఉండేది. అక్కడ పనిచేసి రిటైరై మన వైపు స్థిరపడిన కుటుంబాలు ఉంటే వాళ్ళని ముందు అడగండి.

రెండు. ఫోటో దొరికితే ముందు దాని వీపు చూడండి. స్టూడియో ముద్ర, తేదీ, చేతిరాత ఏదున్నా దాన్ని కూడా ఫోటో తీయండి. ఫోటో మీద పెన్నుతో రాయకండి, వెనక మెత్తటి పెన్సిలుతో రాయండి. ఎవరు చెప్పారో వాళ్ళ పేరు కూడా రాసిపెట్టండి.

మూడు. పెద్దవాళ్ళ చేత చెప్పించుకునేటప్పుడు "ఇది దొరబావే కదా తాతయ్యా" అని మీరే అందించకండి. "ఇదెక్కడ?" అని మాత్రం అడగండి. మనం పేరు అందిస్తే వాళ్ళు ఔననేస్తారు. ఇద్దరు ముగ్గుర్ని విడివిడిగా అడిగి, మాట కలిస్తేనే తీసుకోండి.

నాలుగు. గ్రూపులో పెట్టేటప్పుడు తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు రాయండి. "నల్లమల కావచ్చు, మీటర్‌గేజ్, చెట్లు మోడుగా ఉన్నాయి, చోటు తేలలేదు" అని రాస్తే తప్పు లేదు, పరువు తక్కువా కాదు. ఇంకొకాయన వచ్చి కొండ తల చూసి చోటు చెప్తాడు. అడంగల్లో మన పేరు పక్కన ఇంకొకరి సర్వే నంబరు పడితే మూడు తరాలు తిరగాలి. ఫోటో కింద పడిన తప్పు పేరు కూడా అంతే, ఒకసారి పాకితే తియ్యడం ఎవరి వల్లా కాదు.

మీ దగ్గర గుంటూరు–నంద్యాల మీటర్‌గేజ్ కాలం నాటి ఫోటోలు ఉంటే కింద పెట్టండి. పేరు పెట్టకుండా పెట్టండి. పైన చెప్పిన జల్లెళ్ళు ఒక్కొక్కటీ పట్టి అందరం కలిసి తేలుద్దాం. ఆ బండి ఎక్కిన పెద్దవాళ్ళు మన మధ్య ఉన్నప్పుడే ఈ పని అయిపోవాలి.